లింకులు, సెంట్లు, హెక్టార్లు: మన చేను లెక్క మనమే వేసుకుందాం

మొన్న గ్రామ సర్వేయర్ పరీక్ష లెక్కలు చేస్తుంటే మాలో ఒకరికి 50 సెంట్ల చేను కాస్తా 15 సెంట్లయింది. కాగితం మీది చేను కాబట్టి నవ్వుకున్నాం.

జరిగిందేమిటంటే, 2,023 చదరపు మీటర్లని చదరపు అడుగులు చేయడానికి 3.28తో గుణించారు. మీటరుకి 3.28 అడుగులు నిజమే, కానీ అది పొడవుకి. విస్తీర్ణానికి 3.28ని రెండుసార్లు గుణించాలి, అంటే సుమారు 10.76. వచ్చినదాన్ని సెంటుకి 435.6 చదరపు అడుగుల చొప్పున భాగిస్తే 50 సెంట్లు సరిగ్గా తేలుతుంది.

"ఇప్పుడు అన్నీ రోవర్లే కొలుస్తాయి, ఈ లెక్కలెందుకన్నా" అంటున్నారు కొందరు. మేం ఒప్పుకోం. దోర్నాల, ఎర్రగొండపాలెం చెంచు గూడేల్లోనైనా, గిద్దలూరు వైపు తండాల్లోనైనా మన పెద్దోళ్లు మాట్లాడేది ఎకరాలు, సెంట్లలో. 2006 అటవీ హక్కుల చట్టం మాట్లాడేది హెక్టార్లలో. సాగు భూమికి గరిష్ఠంగా 4 హెక్టార్లు అంటుంది, అంటే మన లెక్కలో 9 ఎకరాల 88 సెంట్లు. పట్టాలో 0.81 చూసి "ఎకరం కూడా లేదే" అని దిగులుపడే తాతకి, అది హెక్టార్లయితే 2 ఎకరాలని చెప్పేదెవరు? అదే 0.81 పక్కన హెక్టార్లు ఉండాల్సిన చోట ఎకరాలని పడితే 1 ఎకరం 19 సెంట్లు గల్లంతు. అంకె ఒక్కటీ మారదు!

పాత ఎఫ్‌ఎంబీల్లో లింకులు చూసి భయపడకండి. నిజానికి అవే సులువు. 66 అడుగుల గంటర్ గొలుసుకి 100 లింకులు. ఎకరానికి 10⁵ చదరపు లింకులు, సెంటుకి 10³. త్రిభుజం భూమి 400 లింకులు, ఎత్తు 250 అయితే విస్తీర్ణం 5×10⁴, మూడు సున్నాలు కొట్టేస్తే 50 సెంట్లు. క్యాలిక్యులేటరే అక్కర్లేదు.

ఈ 10 ఘాతాలతో ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మార్కాపురం దగ్గర యూటీఎం నార్తింగ్ 17 లక్షల మీటర్లు దాటుతుంది. దాన్ని 1.74×10⁶ అని కుదించి రాస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ 5 కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. మన చేను పోయి నల్లమల నడిమధ్యలో పడుతుంది. అక్కడ రోవర్ ఇచ్చిన చివరి అంకె దాకా రాయాల్సిందే.

పండక్కి ఇంటికెళ్లినప్పుడు పట్టాలో అంకె పక్కన ఏ యూనిట్ ఉందో చూడండి. సెంట్లలోకి మార్చి అమ్మానాన్నలకి చెప్పండి. తేడా అనిపిస్తే పేరు, సర్వే నంబరు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి, కలిసి లెక్కేద్దాం.