బీఈడీ రెండేళ్లే.. సైన్స్ టీచర్ పోస్టుకు ఏళ్ల తరబడి ఎదురుచూపు ఎందుకు?

బీఎస్సీ అయిపోయింది. ఇక బీఈడీ చేసి, టెట్ రాసి, డీఎస్సీ కొడితే హైస్కూల్లో సైన్స్ టీచర్ ఉద్యోగం. తెలుగు రాష్ట్రాల్లో ఏటా వేల మంది వేసుకునే లెక్క ఇది. కాగితం మీద చూస్తే మూడు మెట్లే. కానీ ఎక్కడానికి కొందరికి రెండేళ్లు పడితే, కొందరికి పదేళ్లు పడుతోంది. ఆలస్యం శిక్షణ దగ్గర జరగడం లేదు. దానికి ముందు, దాని తర్వాత జరుగుతోంది. ఎలాగో చూద్దాం.

డిగ్రీలోనే సగం నిర్ణయమైపోతుంది

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 'సైన్స్ టీచర్' అనే పోస్టు ఒకటి కాదు, రెండు. ఒకటి స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్. రెండోది స్కూల్ అసిస్టెంట్ బయలాజికల్ సైన్స్. మొదటిదానికి డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండోదానికి బోటనీ, జువాలజీ లేదా వాటి అనుబంధ సబ్జెక్టులు ఉండాలి. బీఈడీలో మెథడాలజీ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఈ రెండూ కలవకపోతే ఎంత ర్యాంకు వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల విధానం పోయి సింగిల్ మేజర్ వచ్చింది. ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్. కెమిస్ట్రీ మేజర్ తీసుకుని, ఉద్యోగాల కోసమని కంప్యూటర్స్ మైనర్ ఎంచుకునే ముందు టీచర్ పోస్టుల అర్హతలు ఒకసారి చూసుకోవడం మంచిది. అక్కడ అడిగేది రెండు సైన్స్ సబ్జెక్టుల కలయిక.

కేంద్రీయ విద్యాలయాల లెక్క వేరు. అక్కడ టీజీటీ సైన్స్ ఒకే పోస్టు. దానికి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివిన డిగ్రీ అడుగుతూ వచ్చారు. అంటే ఎంపీసీ డిగ్రీ వాళ్లకు అక్కడ దారి సైన్స్ కాదు, మ్యాథ్స్.

బీఈడీలో ఏం నేర్పిస్తారు?

డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఎడ్‌సెట్ రాయొచ్చు. రిజర్వుడు వర్గాలకు 40 శాతం చాలు. పరీక్ష మాత్రం రెండు రాష్ట్రాల్లో ఒకేలా లేదు. ఏపీలో 150 మార్కులకు 100 మార్కులు మీరు ఎంచుకున్న సబ్జెక్టు నుంచే వస్తాయి. తెలంగాణలో 2021 నుంచి అందరికీ ఒకే పేపర్. అందులో మ్యాథ్స్, సైన్స్, సోషల్ కలిపి 60 మార్కులే. మిగతావి టీచింగ్ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, జీకే, కంప్యూటర్ పరిజ్ఞానం.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీఈడీ ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది. పెంచిన సమయంలో పెద్ద వాటా బడిలో గడపడానికే. మొత్తం 20 వారాలు స్కూళ్లలో ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం, తరగతులకు 80 శాతం హాజరు తప్పనిసరి. సైన్స్ టీచర్‌కు ఈ 20 వారాలే అసలు చదువు. నలభై మంది పిల్లల ముందు లిట్మస్ పరీక్ష చేసి చూపించడం, ల్యాబ్ లేని బడిలో కటకం పాఠం చెప్పడం పుస్తకం చదివితే వచ్చేవి కావు.

అయితే ఆచరణ వేరు. 'కాలేజీకి రాకపోయినా పర్లేదు' అని సీట్లు నింపుకునే సంస్థల సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. జస్టిస్ జేఎస్ వర్మ కమిషన్ 2012లోనే ఈ జబ్బును ఎత్తిచూపింది. దాన్ని ఉటంకిస్తూ, చాలా బీఈడీ సంస్థలు డిగ్రీలు అమ్ముకుంటున్నాయని జాతీయ విద్యా విధానం 2020 కూడా రాసింది. హాజరు లేని బీఈడీతో సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగం వచ్చాక మొదటి రోజు క్లాసులో దాని ఖరీదు తెలుస్తుంది. ఆ ఖరీదు కట్టేది ఎక్కువగా పిల్లలే.

టెట్: పాస్ అయితే చాలదు

స్కూల్ అసిస్టెంట్ కావాలంటే టెట్ పేపర్-2 పాసవ్వాలి. 150 మార్కులకు జనరల్ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 రావాలి. ఇందులో మ్యాథ్స్, సైన్స్ కలిపి 60 మార్కులు. తెలంగాణ పేపర్‌లో చెరి సగం. అంటే ఇంటర్ నుంచి మ్యాథ్స్ వదిలేసిన బైపీసీ అభ్యర్థి కూడా 30 మార్కుల మ్యాథ్స్ రాయాల్సిందే. బయాలజీ వాళ్లు ఎప్పటినుంచో చెప్పుకునే బాధ ఇది.

టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. అయినా పాసైన వాళ్లూ మళ్లీ రాస్తున్నారు. కారణం, డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్‌లో 15 మార్కులు పెరిగితే తుది స్కోరులో 2 మార్కులు పెరుగుతాయి. డీఎస్సీ రాతపరీక్షలో ఒక్కో ప్రశ్నకు అర మార్కే కాబట్టి, ఆ 2 మార్కులు నాలుగు ప్రశ్నలతో సమానం. పోటీలో నాలుగు ప్రశ్నలు చిన్న తేడా కాదు.

అసలు ఇరుకు ఎక్కడ?

ఇరుకు డీఎస్సీ దగ్గర ఉంది. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, విరామం. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ 2024లోనే టీచర్ల నియామక పరీక్ష జరిగింది. మధ్యలో 2023లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను రద్దు చేసి కొత్తది ఇచ్చారు. ఏపీలో 2018 తర్వాత మెగా డీఎస్సీ పరీక్షలు 2025లో జరిగాయి. అక్కడా 2024 ఫిబ్రవరి నోటిఫికేషన్ రద్దయింది. అంటే రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడేళ్ల ఖాళీ. 22 ఏళ్లకు బీఈడీలో చేరి 24కు బయటికొచ్చిన వ్యక్తికి తొలి అవకాశం 31కి రావచ్చు. గత డీఎస్సీల్లో గరిష్ఠ వయసు తెలంగాణలో 46, ఏపీలో 44. ఈ లెక్కన జీవితంలో చేతికొచ్చే అవకాశాలు మూడు లేదా నాలుగు.

రెండోది, ప్రమోషన్లు. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం ఎస్జీటీల పదోన్నతులతో నింపుతారు. నేరుగా భర్తీ చేసేది 30 శాతమే. తెలంగాణ డీఎస్సీ-2024లో మొత్తం 11,062 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఎస్జీటీలు 6,508. ఏపీ మెగా డీఎస్సీలో మాత్రం 16,347లో 7,725 స్కూల్ అసిస్టెంట్ పోస్టులే. ఈ సంఖ్య అన్ని సబ్జెక్టులదీ. ఇందులో మీ సబ్జెక్టు, మీ జిల్లా, మీ రిజర్వేషన్ రోస్టర్ విడదీసి చూస్తే మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

మూడోది, మూసుకుపోయిన పక్కదారి. బీఈడీ వాళ్లకు ప్రాథమిక పాఠశాల పోస్టులకూ అర్హత కల్పిస్తూ 2018లో ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. ఇప్పుడు ఎస్జీటీ పోస్టులు డీఎడ్ వాళ్లవే. బీఈడీ చేసినవారికి మిగిలింది స్కూల్ అసిస్టెంట్, గురుకులాలు, కేంద్ర విద్యా సంస్థలు, ప్రైవేటు బడులు.

నష్టం అభ్యర్థులకే కాదు. ఏడేళ్లు నియామకం జరగకపోతే రిటైరైన ఫిజిక్స్ సార్ స్థానం ఖాళీగానే ఉంటుంది. మ్యాథ్స్ టీచరో, బయాలజీ టీచరో ఆ పాఠం కూడా చెబుతారు. ఆరో తరగతిలో చేరిన పిల్ల ఆ సబ్జెక్టు టీచర్ లేకుండానే పదో తరగతి దాటిపోతుంది.

మరి ఏం చేయాలి?

ఇంటర్‌లో ఉన్నవాళ్లకు నాలుగేళ్ల బీఎస్సీ-బీఈడీ ఉంది. డిగ్రీ, బీఈడీ విడివిడిగా చేస్తే అయిదేళ్లు. ఇక్కడ ఏడాది ఆదా. వరంగల్ ఎన్‌ఐటీ, మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ లాంటి చోట్ల ఈ తరహా కోర్సులున్నాయి. 2030 నాటికి టీచర్లకు నాలుగేళ్ల సమీకృత బీఈడీనే కనీస అర్హత చేయాలన్నది జాతీయ విద్యా విధానం లక్ష్యం.

డిగ్రీలో ఉన్నవాళ్లు ఎడ్‌సెట్ ఫారం నింపే ముందు పాత డీఎస్సీ నోటిఫికేషన్‌లో తమ సబ్జెక్టు కలయిక ఉందో లేదో చూడాలి. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఫీజుతో పాటు ఇంటర్న్‌షిప్ ఏ బడిలో చేయిస్తారో అడగాలి.

బీఈడీ పూర్తయినవాళ్లు డీఎస్సీ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. సీటెట్ రాస్తే కేంద్ర సంస్థల దారి తెరుచుకుంటుంది. తెలంగాణలో 2023లో గురుకులాల నియామక బోర్డు 9 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. డీఎస్సీ లేని ఏళ్లలో చాలామందిని నిలబెట్టింది ఇలాంటివే.

ఇవన్నీ అభ్యర్థులు చేయగలిగినవి. ప్రభుత్వాలు చేయాల్సింది ఒక్కటే. రిటైర్మెంట్ తేదీలు ముందే తెలిసినవే కాబట్టి, ఖాళీలు ముందే లెక్కకట్టి ఏటా డీఎస్సీ పెట్టడం. శిక్షణకు రెండేళ్ల గడువు ఉన్నప్పుడు నియామకానికి కూడా ఒక గడువు ఉండాలి కదా.