అద్దాలు తీసేముందు... ఒక్క పరీక్ష!

పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లకి కళ్లజోడు ఉంటే ఇంట్లో అదో బెంగ. సంబంధం వాళ్లొస్తే 'కాసేపు తీసి కూర్చోవే' అనే అమ్మలు ఖమ్మంలోనూ ఉన్నారు, భద్రాచలంలోనూ ఉన్నారు. ఆ బెంగే కొందరిని లేజర్ ఆపరేషన్ దాకా నడిపిస్తోంది. చేయించుకోవడం తప్పు కాదు. ముహూర్తం దగ్గరపడిందని హడావుడిగా చేయించుకోవడమే తప్పు.

లాసిక్‌లో కంటి ముందుండే కార్నియా పైన పల్చటి పొరను మూతలా లేపి, కింది భాగాన్ని లేజర్‌తో కాస్త చెక్కి, మళ్లీ కప్పేస్తారు. కార్నియా మొత్తం మందం సుమారు అర మిల్లీమీటరే! చెక్కగా మిగిలింది చాలకపోతే కొన్నాళ్లకి అది ముందుకు ఉబ్బి, చూపే చెదిరిపోవచ్చు.

అందుకే కొలత ముఖ్యం. కడుపులో బిడ్డను చూసే స్కానింగు మనందరికీ తెలిసిందే. అదే శబ్ద తరంగాలను పదింతలు పైగా, అంటే 50 మెగాహెర్ట్జ్ దాకా పెంచి వాడితే కార్నియా పొరల్ని విడివిడిగా కొలవచ్చు. అమెరికాలోని కార్నెల్‌లో కోల్మన్, సిల్వర్‌మన్, రైన్‌స్టెయిన్ అనే నిపుణులు దీన్ని రూపొందించారు. దీని లాభమేమిటంటారా? కార్నియా ఉబ్బడం మొదలైన చోట 50 మైక్రాన్ల పైపొర తనే పల్చబడి లోపాన్ని కప్పేస్తుంది, గోడ ఎత్తుపల్లాల్ని పూత సర్దేసినట్టు. పైపైన చూస్తే అది దొరక్కపోవచ్చు. ఇప్పుడు కాంతితో కొలిచే ఓసీటీ యంత్రం కూడా ఈ పని చేస్తోంది.

కాబట్టి డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. నా కార్నియా మందం ఎంత? చెక్కాక ఎంత మిగులుతుంది? పైపొర విడిగా కొలిచారా? పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు, ఏడాదిగా పవరు నిలకడగా లేనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాల్సిందే.

రెండో విడత కంటివెలుగు 2023 జనవరి 18న మొదలైంది మన ఖమ్మంలోనే. అద్దాలు సిగ్గుపడే వస్తువైతే సర్కారు అప్పుడు ఊరూరా ఎందుకు పంచింది? చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో బోర్డు మీది అక్షరం కనబడని పిల్లకి ఆ అద్దాలే చదువు.

పరీక్షలన్నీ చూసి డాక్టరు 'నీ కంటికి వద్దమ్మా' అంటే వినండి. ఇంకో ఆసుపత్రి వెతకమని పిల్లను తొందరపెట్టకండి. ఈ సంబంధం పోతే మరోటి వస్తుంది. కన్ను రాదు కదా!