మాత్ర అందుతోంది.. వాడే తీరు అందడం లేదు

2025 చివరి నెలల్లో చిత్తూరు మొదలుకొని విజయనగరం వరకు రాష్ట్రంలోని పలు జిల్లాలను స్క్రబ్‌ టైఫస్‌ జ్వరం కలవరపరిచింది. నల్లిని పోలిన పురుగు ఎక్కడ కుడుతుందోనని జనం బెంబేలెత్తారు. పురుగు గురించి సాగినంత చర్చ మందు గురించి సాగలేదు. ఈ జ్వరానికి ప్రధాన ఔషధం డాక్సీసైక్లిన్‌. దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే, ధర కూడా తక్కువే. సకాలంలో మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగివస్తుంది. జాప్యం జరిగితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఇంత విలువైన మాత్రను రోగి చేతిలో పెడుతున్న వ్యవస్థ, దాన్ని ఎలా మింగాలో చెప్పడం మాత్రం మరచిపోతోంది.

మొదటి నాలుగు రోజులే కీలకం

పల్లెల్లో జ్వరం వస్తే తొలుత వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్దకో, మండల కేంద్రంలోని మందుల దుకాణానికో. ఒక సూది, నాలుగు మాత్రలతో పని జరిగిపోతుంది. ఆ మాత్రల్లో తరచూ కనిపించే సెఫిక్సిమ్‌ స్క్రబ్‌ టైఫస్‌పై పనిచేయదు. పెన్సిలిన్‌, అమాక్సిసిలిన్‌లదీ అదే తీరు. యాంటీబయాటిక్‌ వాడుతున్నామన్న ధీమాతో రోగి నాలుగు రోజులు గడిపేస్తాడు. లోపల వ్యాధి తన పని తాను చేసుకుపోతుంది. సెఫిక్సిమ్‌ 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్‌ హెచ్‌1 జాబితాలోని మందు. వైద్యుడి చీటీ లేనిదే విక్రయించరాదు. రోగి పేరు, రాసిన వైద్యుడి పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టర్‌లో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ రిజిస్టర్లను ఎవరు, ఎప్పుడు తిరగేస్తున్నారన్నది అధికారులే చెప్పాలి.

చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద కాలినట్లుండే నల్లని పెచ్చు కనిపిస్తే అది ముఖ్యమైన ఆనవాలు. నొప్పి ఉండదు కనుక రోగికే తెలియకపోవచ్చు. అందరిలోనూ కనిపించదు కూడా. అందుకే జ్వరం తగ్గకుంటే సొంత వైద్యం మాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లడమే మేలు.

మంచం మీద మింగితే ముప్పు

చీటీ సరిగానే రాశారు, మాత్ర సరైనదే ఇచ్చారు అనుకుందాం. పెద్దలకు సాధారణంగా వంద మిల్లీగ్రాముల చొప్పున ఉదయం, రాత్రి రెండు పూటలు ఇస్తారు. ఒళ్లు నొప్పులతో మూలుగుతున్న మనిషి మంచంపైనే తల కాస్త ఎత్తి, గుక్కెడు నీటితో మాత్ర వేసుకుని మళ్లీ వాలిపోతాడు. డాక్సీసైక్లిన్‌ విషయంలో ఇదే ప్రమాదకరం. మాత్ర అన్నవాహికలో అతుక్కుని అక్కడే కరిగితే పుండు పడుతుంది. మరుసటి రోజుకు గుండెల్లో మంట, మింగితే నొప్పి. దాన్ని చూసి మందు పడలేదని మానేసేవారున్నారు. నిండు గ్లాసు నీటితో మింగి, కనీసం అరగంట కూర్చుని ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రాత్రి మాత్రను నిద్రకు ముందు కాక భోజనంతో పాటు వేసుకోవడం మంచిది.

మరో చిక్కు మన ఇళ్లలో మరీ సాధారణం. కడుపులో మంట పుడుతుందని మాత్రతో పాటే యాంటాసిడ్‌ మందు తాగుతారు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టి ఉంచి రక్తంలోకి చేరనీయవు. రక్తహీనతకు వాడే ఐరన్‌ మాత్ర సైతం అంతే. అంటే మందు మింగినట్టే ఉంటుంది, ఒంటికి పట్టేది సగమో పావో. వీటికీ డాక్సీసైక్లిన్‌కూ నడుమ రెండు మూడు గంటల ఎడం ఉండాలి. పాలతోనూ కొంత తగ్గుతుంది కాబట్టి నీటితోనే మింగాలి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు, ఖాళీ కడుపు నియమమేమీ లేదు. ఈ మందు వాడే రోజుల్లో ఎండ తగిలితే చర్మం త్వరగా కమిలిపోతుంది. పత్తి తీతకో, వరి కోతకో వెళ్లే కూలీకి ఈ సంగతి ముందే చెప్పాలి.

గర్భిణులకు దీని బదులు అజిత్రోమైసిన్‌ ఇస్తారు. అందుచేత గర్భం ఉందన్న అనుమానం ఉన్నా వైద్యుడికి తెలపాలి. చిన్నపిల్లల పళ్లు రంగు మారతాయని గతంలో వైద్యులు సంకోచించేవారు. కొద్దిరోజులు వాడితే ఆ భయం అక్కర్లేదని ఇప్పుడు తేలింది. అయినా ఇంట్లో పెద్దవాళ్ల మాత్రను విరిచి పిల్లలకు వేయడం తగదు.

మూడో రోజు వచ్చే తంటా

జ్వరం దిగగానే మాత్రలు మూలన పడతాయి. స్క్రబ్‌ టైఫస్‌కు మామూలుగా వారం రోజులు రాస్తారు. మధ్యలో ఆపితే జ్వరం తిరగబెట్టవచ్చు. యాంటీబయాటిక్‌ ఎన్ని ఎక్కువ రోజులు వాడితే అంత మంచిదన్న పాత నమ్మకాన్ని వైద్యశాస్త్రం ఇప్పుడు సవరించుకుంటున్న మాట నిజమే. న్యుమోనియా వంటి కొన్ని వ్యాధులకు గడువు కుదించారు కూడా. అయితే ఆ కుదింపు వైద్యుడు చేయాల్సింది. పూట తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్ర సమయం దగ్గరపడితే తప్పినదాన్ని వదిలేయాలే తప్ప రెండూ కలిపి మింగరాదు. ఒంటిపై దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే మాత్రం ఆపి వెంటనే ఆస్పత్రికి చేరాలి.

మిగిలిన మాత్రలు పక్కింటి జ్వరానికి వెళ్లడం మరో ఆనవాయితీ. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్‌ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అవసరం లేని ఒంట్లోకి వెళ్లే ప్రతి మాత్ర ఆ బ్యాక్టీరియాకే బలమిస్తుంది.

చీటీ ఎవరికి అర్థం కావాలి?

రోగిని తప్పుపట్టడం సులువు. ఓపీ చీటీపై ఉండేది ఆంగ్లంలో రెండు పొడి అక్షరాలు. కౌంటర్‌ వద్ద కత్తిరించి ఇచ్చే స్ట్రిప్పు ముక్కపై మందు పేరు సగం, గడువు తేదీ అసలే ఉండదు. బారులు తీరిన వరుసలో ఫార్మసిస్టుకు వివరించే తీరిక లేదు. మాత్రలు పెట్టే కాగితపు కవరుపై తెలుగులో నాలుగు వాక్యాలు ముద్రించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చదువు రాని వారికి సూర్యుడు, చంద్రుడు, నిండు గ్లాసు బొమ్మలు చాలు. జ్వరం నిర్ధారణ అయిన ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజున వెళ్లి మిగిలిన మాత్రలు లెక్క చూస్తే, మధ్యలో ఆపినవారెవరో అక్కడికక్కడే తెలుస్తుంది. వానలు తగ్గి ఈ జ్వరాలు మొదలయ్యే కాలానికి ముందే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఈ రెండు ఏర్పాట్లు చేయవచ్చు. వాడటం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకూ జ్వరం తగ్గకపోతే మళ్లీ ఆస్పత్రికి రావాలన్న మాట ఆ కవరుపై అన్నింటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి.