నీడ చేసిన నేరమేమిటి?

"ఎండ రాదండీ, ఇక్కడ మొక్కలేం బతుకుతాయి? టైల్సు పరిపించేద్దాం." చిక్కడపల్లిలో, నారాయణగూడలో, అశోక్ నగర్‌లో ఏ అపార్టుమెంటు మీటింగుకి వెళ్ళినా ఈ మాట తప్పదు. అందరూ తలలూపుతారు. ప్రహరీగోడకీ బిల్డింగుకీ మధ్య మిగిలిన ఆ నాలుగైదడుగుల మట్టి కాస్తా సిమెంటు కిందికి పోతుంది.

పాత ఇళ్ళు పోయి అయిదంతస్తులు లేచాక మన పేటల్లో ఎండ కరువైన మాట నిజమే. 2020 నుంచి చిక్కడపల్లి రోడ్డుకి మెట్రో నీడ కూడా తోడైంది. అయితే మాత్రం? అడవిలో పెద్ద చెట్ల కింద పువ్వులు పూయటం లేదూ?

అసలు పేచీ నీడతో కాదు, మన కోరికలతో. జనవరి రాగానే గులాబీలూ, బంతులూ, చామంతులూ కొని తెచ్చి ఉత్తరం గోడ వారగా పెడతాం. రోజుకి అయిదారు గంటల ఎండ లేనిదే సరిగ్గా మొగ్గ తొడగని జాతులవి. ఉగాదికి పుల్లలు మిగులుతాయి. ఇంకొందరు ఇంగ్లీషు పుస్తకాల్లో బొమ్మలు చూసి ప్రిమ్‌రోజులు కావాలంటారు. వాటికి వారాల తరబడి గడ్డకట్టే చలి అలవాటు. మన చలికాలం శాలువా తీసేలోపే అయిపోతుంది కదమ్మా!

ఉత్తరం వైపుకీ ఓ అదృష్టం ఉంది. చలికాలమంతా దక్షిణాన తిరిగే సూర్యుడు మార్చి 21 దాటాక తూర్పుకి కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. ఎదురిల్లు అడ్డం లేకపోతే ఆ గోడకి పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. ఆ మాత్రం చాలు కనకాంబరానికి. నందివర్ధనం సంగతి చెప్పనక్కర్లేదు, దేవుడి పువ్వులకి లోటు రానివ్వదు. ఎర్ర లిల్లీ దుంపలు ఆ కాస్త వెలుగు పడేచోట పెడితే మార్చి, ఏప్రిల్‌లో పూస్తాయి. ఎండే తగలని మూలకి పీస్ లిల్లీ తెల్లగా నిలబడుతుంది.

వీటన్నిటిలోకీ నా ఓటు ఫుట్‌బాల్ లిల్లీకి. పుట్టిల్లు ఆఫ్రికా. చలికాలంలో ఆకు కూడా మిగలదు. చచ్చిందనుకుని దుంప పీకి పారేసిన ఇల్లాళ్ళు నాకు తెలుసు. అప్పుడు నీళ్ళు మానేసి ఊరుకోవాలి, అంతే. వేసవిలో రెండు జల్లులు పడగానే కాడ లేచి, వందకి పైగా చిట్టి పువ్వులు కలిసి ఎర్రని బంతిలా విచ్చుకుంటాయి. ఏటా అదే దుంప, మళ్ళీ కొనే పని లేదు. (దుంపా ఆకూ విషం, పాకే పిల్లలకి అందనివ్వకండి.)

"మొక్కలుంటే దోమలు" అంటారు సెక్రటరీగారు. దోమ గుడ్లు పెట్టేది నిలవున్న నీళ్ళలోనండీ. కుండీ కింద పళ్ళెంలో, మూత లేని డ్రమ్ములో, టైల్సు మీద వాలు సరిగ్గా లేక నిలిచిన మడుగులో. మట్టి నీళ్ళని తాగేస్తుంది. నీడలో మట్టి త్వరగా ఆరదు కనక రోజూ పోయకూడదు, వేలు గుచ్చి చూసి పోయాలి. వేర్లకి పునాది బీటలిస్తుందన్న భయం రావి మొక్కకి చెల్లుతుంది, లిల్లీ దుంపకి కాదు.

హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ళ నాలా అశోక్ నగర్ పక్కనుంచే పోతుంది. 2020 అక్టోబరు వానకి నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూశాం. వాన నీరు ఇంకటానికి మన ఆవరణలో మిగిలిన చోటు ఆ నాలుగైదడుగులే. దానిమీదా రాయి పరిచి, తరవాత సెల్లారు తోడటానికి మోటారుకి చందాలు వేసుకోవటం ఏ లెక్కలో పొదుపో సెక్రటరీగారే చెప్పాలి. ఈసారి మీటింగులో మీ వారిని పంపకండి, మీరే వెళ్ళి అడగండి. కనకాంబరం నారు కావాలంటే నేనిస్తాను.