రెండు రూపాయల తేడా

సీతాఫల్‌మండి ఇల్లాలు కందిపప్పు ఎక్కడ రెండు రూపాయలు తక్కువో చూసి మరీ కొంటుంది. సూపర్‌మార్కెట్ల షేర్లు కొనేవాళ్లు మరిచిపోకూడనిది ఆ రెండు రూపాయలనే! హైదరాబాద్‌ సంస్థ హెరిటేజ్ ఫుడ్స్ 2016లో నష్టాల్లో ఉన్న తన ‘ఫ్రెష్’ దుకాణాలను ఫ్యూచర్ రిటైల్‌కు అప్పగించి, బదులుగా అందులో 3.65 శాతం వాటా తీసుకునేందుకు ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది రూ.299కి వచ్చిన డీమార్ట్ షేరు తొలిరోజే రెట్టింపైంది. ఎక్కువగా సొంత భవనాలు, సరకు ఇచ్చినవారికి త్వరగా చెల్లింపులు... ఆ ఆదాతోనే దాని తక్కువ ధరలు. అప్పులకు కొవిడ్ తోడై ఫ్యూచర్ 2022లో దివాలా ప్రక్రియలోకి జారింది. 2024లో లిక్విడేషన్‌కు ఆదేశాలొచ్చాయి.

పడిపోయిన షేరు చౌకే అనిపిస్తుంది. కొనేముందు ఆ దుకాణానికోసారి వెళ్లి రండి. అరలు ఖాళీగా ఉంటే, సరకు ఇచ్చేవారికి బాకీలు పేరుకున్నాయేమో! అప్పెంతో, అద్దెలెంతో వార్షిక నివేదికలో చూడండి. పప్పు దగ్గరున్న జాగ్రత్త షేరు దగ్గరా ఉండాలిగా మరి!