ఆ అదురుకు అలవాటు పడకండి

పాత స్పోర్ట్స్ కారున్నవాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. నిన్న లేని అదురు ఇవాళ మొదలైందంటే బండిలో ఏదో అరిగింది, లేదా వదులైంది. ‘పాత బండి కదా, మామూలే’ అని సరిపెట్టుకోకండి. కారణం తేలేదాకా హైవే ఎక్కకండి.

పోర్షా 944నే చూడండి. 1982 నుంచి 1991 దాకా తయారైన కారు. ఇంజిన్, క్లచ్ ముందుంటాయి, గేర్‌బాక్స్ వెనక ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్ట్ టార్క్ ట్యూబ్‌లో బేరింగుల మీద ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది. ఆఖర్న వచ్చిన కార్లకే ముప్పై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో గ్రీజు ఎండి బేరింగులు అరిగిపోవడంలో వింత లేదు.

ముందుగా అదురు ఇంజిన్‌దో చక్రాలదో తేల్చుకోండి. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. అప్పుడూ అదిరితే తప్పు చక్రాలది కాదు. ఇంజిన్ మౌంటులు చూపించండి. బెల్టులు మార్చాకే అదురు మొదలైతే బ్యాలెన్స్ షాఫ్టుల గుర్తులు సరిగ్గా కలిశాయో లేదో చూడమనండి. న్యూట్రల్‌లో వినిపించే గరగర క్లచ్ తొక్కగానే ఆగిపోతే టార్క్ ట్యూబ్ బేరింగులనో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగునో అనుమానించాలి. తొక్కినప్పుడే మోత వస్తే రిలీజ్ బేరింగ్‌ను చూడాలి.

బండి వేగంతో పాటు పెరిగే అదురుకు టైర్లు, రిమ్ములు, సీవీ జాయింట్లు, వీల్ బేరింగులు కారణం కావచ్చు. కుడికి తిరిగేటప్పుడు హోరు పెరిగితే బరువు పడే ఎడమ చక్రం బేరింగ్‌ను ముందు చూడాలి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే అదిరితే సీవీ జాయింట్లను, వాటి బోల్టుల బిగింపును పరీక్షించాలి. వీల్ బ్యాలెన్సింగ్ ఒక్కటీ చేయించి ఊరుకోవద్దు.

చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు చేతికే తెలుస్తుంది. కానీ ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండులు తప్పనిసరి.

అరిగిన వీల్ బేరింగ్ పరుగులో జామైతే చక్రం అదుపులో ఉండదు. సీవీ జాయింట్ దగ్గర ఊడిన షాఫ్ట్ కారు అడుగుభాగాన్ని బాదేస్తుంది. అప్పుడు ప్రాణాపాయం మీకే కాదు, పక్క లేన్‌లో పోయే కుటుంబానికీ ఉంటుంది. బేరింగ్ మార్చడం ఖర్చే, కానీ ఆ ఖర్చు వాయిదా వేయదగ్గది కాదు. అదురు మొదలైన రోజే బండి పక్కన పెట్టి మెకానిక్‌ను పిలవండి.