వాయుసేన ఖర్చు: ఎన్ని విమానాలని కాదు, ఎన్ని రకాలని అడగాలి

నరసాపురంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున నాలుగు మరబోట్లు ఉన్న యజమానిని ఎవరినైనా అడగండి, ఈ లెక్క ఆయన చిటికెలో చెప్పేస్తాడు. నాలుగు బోట్లకీ ఒకే కంపెనీ ఇంజన్ ఉంటే ఒక మెకానిక్ చాలు, షెడ్డులో పెట్టుకునే సామానూ ఒకటే. నాలుగింటికీ నాలుగు కంపెనీల ఇంజన్లు ఉన్నాయనుకోండి, నలుగురు మెకానిక్‌లు కావాలి, నాలుగు రకాల సామాను కొని పెట్టుకోవాలి. ఒకటి ఆగిపోతే మిగతా మూడింటి సామాను దానికి పనికిరాదు. జూన్ 14తో వేట నిషేధం ముగిసి ఊరంతా సముద్రంలోకి వెళ్తుంటే ఆ బోటు మాత్రం ఒడ్డునే కట్టేసి ఉంటుంది.

భారత వాయుసేనది కూడా సరిగ్గా ఇదే ఇబ్బంది. తేడా ఏమిటంటే ఇక్కడ లెక్క వేలల్లో కాదు, వేల కోట్లలో ఉంటుంది.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానాలకు వాయుసేన వీడ్కోలు పలికింది. 1963 నుంచి, అంటే 62 ఏళ్లు అవి దేశానికి పనిచేశాయి. అవి వెళ్లిపోవడంతో యుద్ధవిమానాల స్క్వాడ్రన్లు 29కి పడిపోయాయి. మంజూరైనవి 42. ఒక్కో స్క్వాడ్రన్‌లో 16 నుంచి 18 విమానాలు ఉంటాయి. ఈ కొరత గురించి టీవీల్లో చాలా చర్చ జరిగింది. కానీ ఇంకో ప్రశ్న పెద్దగా ఎవరూ అడగలేదు. మిగిలిన ఆ 29 స్క్వాడ్రన్లలో ఎన్ని రకాల విమానాలు ఉన్నాయి? వాటిని తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందా?

ఆరు రకాలు ఎలా పోగయ్యాయి?

మిగ్-21 పోయాక కూడా యుద్ధవిమానాలు ఆరు రకాలు మిగిలాయి. రష్యా నుంచి సుఖోయ్-30, మిగ్-29. ఫ్రాన్స్ నుంచి మిరాజ్-2000, రఫేల్. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన జాగ్వార్. మన సొంత తేజస్. ఇవి కేవలం యుద్ధవిమానాలు. రవాణా విమానాలు, హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు కలిపితే ఈ జాబితా రెండు డజన్ల దాకా వెళ్తుంది.

ఇదంతా ఎవరో తెలివితక్కువగా చేసిన పని కాదు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో భారత్ ఏ కూటమిలోనూ చేరలేదు. ఒక్క దేశం మీదే ఆధారపడితే ఆ దేశం ముఖం తిప్పుకున్న రోజున మన విమానాలు నేల మీదే ఉండిపోతాయన్న భయం ఉండేది. అందుకే మాస్కో నుంచి కొన్ని, లండన్ నుంచి కొన్ని, పారిస్ నుంచి కొన్ని కొన్నారు.

హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, దేశ విభజన వేళ భారత్‌నే తన దేశంగా ఎంచుకున్న ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు వాయుసేనాధిపతిగా ఉన్నారు. జాగ్వార్లు మన దేశానికి రావడం మొదలైంది ఆయన హయాంలోనే, 1979లో. అదే కాలంలో రష్యా మిగ్‌ల మీద చర్చలూ సాగాయి. ఒక చేత్తో పడమర, ఇంకో చేత్తో తూర్పు. అప్పటి పరిస్థితికి అది సరైన నిర్ణయమే. కానీ 2018లో లతీఫ్ సాబ్ కన్నుమూసే నాటికి కూడా ఆ జాగ్వార్లు ఎగురుతూనే ఉన్నాయి. ఇప్పటికీ ఎగురుతున్నాయి. అసలు సమస్య అక్కడుంది. కొత్తవి వచ్చి చేరాయి గానీ, పాతవి సమయానికి వెళ్లలేదు.

డబ్బు ఎక్కడ పోతోంది?

విమానం ధర పేపర్లో హెడ్డింగ్ అవుతుంది. 36 రఫేల్ విమానాలకు సుమారు 59,000 కోట్ల రూపాయలు అనగానే అందరూ ఉలిక్కిపడ్డారు. అయితే కొన్న తర్వాత 30, 40 ఏళ్ల పాటు దాన్ని నడపడానికి అయ్యే ఖర్చు మీద అంత చర్చ ఉండదు.

ప్రతి రకానికీ వేరే పైలట్ శిక్షణ కావాలి. వేరే సిమ్యులేటర్, వేరే టెక్నీషియన్లు, వేరే పనిముట్లు, వేరే స్పేర్ పార్టుల గోదాము కావాలి. సుఖోయ్ మీద పదేళ్లు పనిచేసిన టెక్నీషియన్ రేపు మిరాజ్ దగ్గరికి వెళ్తే మళ్లీ నేర్చుకోవాల్సిందే. రెండు స్క్వాడ్రన్లే ఉన్న విమానానికి కూడా ఈ ఏర్పాటంతా ఉండాలి. విమానాలు తక్కువైన కొద్దీ ఒక్కో దాని మీద పడే ఖర్చు పెరుగుతుంది.

పాత రకాల సంగతి ఇంకా కష్టం. జాగ్వార్‌ను ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో పక్కన పెట్టేశాయి. ఇప్పుడు ప్రపంచంలో దాన్ని నడుపుతున్నది భారత్ ఒక్కటే. తయారుచేసే ఫ్యాక్టరీ లేదు, పార్టులు దొరకవు. అందుకని ఫ్రాన్స్ నుంచి, ఒమన్ నుంచి మూలపడిన పాత జాగ్వార్లను తెచ్చుకుని, వాటిని విప్పి ఆ భాగాలు వాడుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. పాత స్కూటర్‌కి తుక్కు దుకాణంలో కార్బొరేటర్ వెతుక్కున్నట్టు. 2025 ఒక్క ఏడాదిలోనే మూడు జాగ్వార్లు కూలాయి.

కొత్తదైతే సమస్య ఉండదా అంటే అదీ కాదు. వాయుసేనకు వెన్నెముకలాంటి సుఖోయ్-30ల్లో 75 శాతం ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండాలని నియమం. 55 నుంచి 60 శాతమే ఉంటున్నాయని 2015లో కాగ్ తన నివేదికలో తేల్చింది. అంటే వంద విమానాలు కొంటే 40కి పైగా హ్యాంగర్‌లోనే ఉన్నాయన్నమాట. ఆ వందలో ఇంకో పదిహేనింటిని సిద్ధం చేయగలిగితే, కొత్తగా ఒక స్క్వాడ్రన్ కొన్నంత పని అవుతుంది.

అగ్నివీర్లుగా చేరుతున్న మన పిల్లల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2022లో మొదలైన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఉండేది గరిష్ఠంగా నాలుగో వంతు మంది. విమానం రిపేరు చేయడం నాలుగు రోజుల్లో వచ్చే విద్య కాదు. కుర్రాడు ఒక రకం మీద చేయి తిరిగేసరికి ఇంటికి వచ్చే టైమ్ అవుతుంది. రకాలు ఎక్కువగా ఉండి, పనివాళ్లు త్వరత్వరగా మారిపోతుంటే నష్టం ఇద్దరికీ. వాయుసేనకు అనుభవం నిలవదు, కుర్రాడికి బయట పనికొచ్చే నైపుణ్యం పూర్తిగా చేతికి రాదు.

తొందరపడిన బ్రిటన్, ఆలస్యం చేసిన మలేసియా

ఖర్చు తగ్గించాలని రకాలను కోసేసిన దేశాలు ఉన్నాయి. 2010లో బ్రిటన్ ఒక్క దెబ్బతో హారియర్ యుద్ధవిమానాలను తీసేసింది, సముద్రం మీద నిఘా పెట్టే నిమ్రాడ్ కొత్త మోడల్‌ను దాదాపు తయారైపోయాక రద్దు చేసింది. 72 హారియర్లను అమెరికాకు అమ్మేసింది. కాగితం మీద పొదుపు బాగానే కనిపించింది. నాలుగేళ్లు తిరిగేసరికి స్కాట్లాండ్ తీరంలో పరాయి జలాంతర్గామి తిరుగుతోందన్న అనుమానం వస్తే, వెతకడానికి సొంత విమానం లేక మిత్రదేశాలను అడగాల్సి వచ్చింది. చివరికి అమెరికా నుంచి తొమ్మిది పి-8 విమానాలు కొన్నారు. మొదటిది 2020లో గానీ రాలేదు.

గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మలేసియాది ఇంకో కథ. అమెరికా ఎఫ్-18లు, బ్రిటన్ హాక్‌లు, రష్యా సుఖోయ్‌లు, మిగ్-29లు అన్నీ ఒకేసారి నడిపింది. 2018లో ఆ దేశ రక్షణమంత్రి మహమ్మద్ సాబూ పార్లమెంటులో ఒక నిజం ఒప్పుకున్నారు: రష్యాలో తయారైన 28 యుద్ధవిమానాల్లో ఎగరగలిగే స్థితిలో ఉన్నవి నాలుగే. మెయింటెనెన్స్ భారం మోయలేక మిగ్-29లను పక్కన పెట్టేసి, రకాల సంఖ్య తగ్గించుకునే దారి పట్టారు.

ఒకరు మార్పిడి రాకముందే పాతవి తీసేశారు. ఇంకొకరు భారం మెడకు చుట్టుకునేదాకా ఆగారు. భారత్ ఈ రెండు తప్పులూ చేయకూడదు. నిజానికి రెండోది ఇప్పటికే కొంత చేసింది. మిగ్-21 స్థానంలో వస్తుందని తేజస్ ప్రాజెక్టును 1983లో మంజూరు చేశారు. మొదటి తేజస్ స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. మధ్యలో గడిచిన 33 ఏళ్ల ఆలస్యానికి పైలట్లు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. దేశం కొన్న 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల్లో పోయాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారని 2012లో అప్పటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు.

మరీ ఒక్కటే అయితే?

రకాలు తగ్గించడం మంచిదే అయినప్పుడు ఒకే రకం పెట్టుకుంటే పోదా అనిపిస్తుంది. దానికి జవాబు 2025 జనవరిలోనే దొరికింది. ఆ నెల 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్‌కు చెందిన ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు మరణించారు. కారణం తేలేదాకా సైన్యం, నౌకాదళం, వాయుసేన, కోస్ట్‌గార్డ్‌ల దగ్గరున్న దాదాపు 330 ధ్రువ్‌లను నేల మీదే ఆపేశారు. నెలల తరబడి అవి కదల్లేదు. ఒకే రకం మీద ఆధారపడితే, అందులో ఒక్క లోపం బయటపడిన రోజు అన్నీ ఆగిపోతాయి.

తేజస్‌ది కూడా ఇలాంటి చిక్కే. 2021లో 83, 2025 సెప్టెంబర్‌లో మరో 97 తేజస్ మార్క్-1ఎ విమానాలకు ఆర్డర్ ఇచ్చారు. రెండింటి విలువ కలిపి లక్షా పది వేల కోట్ల రూపాయలు దాటుతుంది. కానీ ఇంజన్ అమెరికా కంపెనీ జీఈ నుంచి రావాలి. ఆ ఇంజన్లు ఆలస్యమవడంతో 2024 మార్చిలో మొదలుకావాల్సిన డెలివరీలు ఏడాదికి పైగా వెనక్కి వెళ్లాయి. ఒప్పందంలో రాసుకున్న టైమ్‌కి పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటీ గుర్తుకు రావడం లేదని వాయుసేనాధిపతి ఎ.పి. సింగ్ 2025 మేలో బహిరంగంగానే బాధపడ్డారు.

కాబట్టి ఆరు రకాలు ఎక్కువ, ఒకటి తక్కువ. మూడు దగ్గర ఆగడం తెలివైన పని. సుఖోయ్, రఫేల్, తేజస్ ఉంచుకుని, జాగ్వార్, మిరాజ్, మిగ్-29లను వాటి స్థానం నిండిన కొద్దీ సాగనంపాలి. నౌకాదళం కోసం 2025 ఏప్రిల్‌లో 26 రఫేల్‌లకు ఒప్పందం జరగడం ఈ లెక్కన మంచి సంగతే. రెండు దళాలకూ శిక్షణ, సామాను చాలావరకు కలుస్తాయి. కావాలనుకుంటున్న మరో 114 యుద్ధవిమానాల విషయంలోనూ ఇదే చూసుకోవాలి. ఏడో రకం తెచ్చి నెత్తిన పెట్టుకుంటే ధర ఎంత తగ్గించినా అది పొదుపు అవ్వదు.

తుఫాను రాత్రి ఎవరి కోసం చూస్తాం?

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి డెల్టా జనం ఎదురుచూసేది రఫేల్ కోసం కాదు, హెలికాప్టర్ కోసం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీద నిలబడ్డవాళ్లకు అన్నం పొట్లాలు వేసింది హెలికాప్టర్లే. పొదుపు అనగానే ముందు కత్తెర పడేది ఇలాంటి వాటి మీద. ఎందుకంటే ఇవి పరేడ్‌లో అంత అందంగా కనిపించవు.

రవాణా విమానాల సంగతీ తెలుగు కుటుంబాలకు తెలుసు. 2016 జూలై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ ఒక ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో శకలాలు కనిపించాయి. అప్పటిదాకా ఆ ఇళ్లల్లో జనాజా లేదు, అంత్యక్రియలు లేవు. ఎదురుచూపే మిగిలింది. వయసు మీరిన విమానాలను నడపడంలోని భయం ఏమిటో ఆ కుటుంబాలకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు.

ఈ విషయంలో కొంత ముందడుగు పడింది. పాత ఆవ్రోల స్థానంలో 56 సి-295 విమానాలకు 2021లో సుమారు 21,935 కోట్లతో ఒప్పందం చేసుకున్నారు. 16 స్పెయిన్ నుంచి, 40 వడోదరలోని టాటా ప్లాంటు నుంచి. ఏఎన్-32కీ, ఇంకా పెద్దదైన ఐఎల్-76కీ బదులుగా ఒకే మధ్యస్థాయి విమానం తేవాలన్న ఆలోచన కూడా ఉంది. రెండు రకాలు పోయి ఒకటి వస్తుంది. సరైన పొదుపు అంటే ఇలా ఉండాలి. కాకపోతే ఆలోచన కాగితం మీద ముసలిదైపోకూడదు.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో విమానాలు, ఇంజన్ల కొనుగోలుకు పెట్టింది 48,614 కోట్లు. నరసాపురంలో సబ్బు కొన్నవాళ్లూ, డీజిల్ పోయించినవాళ్లూ కట్టిన పన్నే ఆ సొమ్ము. అందుకని ఎంపీలను ఈ మూడు అడిగే హక్కు ఓటరుకు ఉంది.

కొత్త రకం కొంటున్నారంటే, దానికి బదులు ఏ పాత రకం ఎప్పుడు పోతుంది? కొన్న వందలో ఈ రోజు ఎగరగలిగేవి ఎన్ని? పాత రకాన్ని తీసేశాక ఆ సొమ్ము రిపేరుకు, పనివాళ్ల శిక్షణకు వెళ్తోందా, లేక ఇంకో కొత్త కొనుగోలుకా?

నాలుగు బోట్ల యజమాని ప్రతి సీజన్ ముందు ఇవే ప్రశ్నలు తనకు తాను వేసుకుంటాడు. జవాబు దొరక్కుండా ఐదో బోటు కొనడు.